నీడ ఋణము

మనుష్యుని ధర్మబుద్ధిని పరీక్షింపవలెనన్న, అతడు సభలలో చెప్పు మాటలను వినుటకంటె అతని పెరటిలోని నీళ్ల మూకుడును చూచుట మేలు. గొప్ప సందర్భములలో గొప్పగా ప్రవర్తించుట అంత కష్టము కాదు; అప్పుడు చూచువారుందురు, మెచ్చువారుందురు. ఎవరును చూడని మిట్టమధ్యాహ్నమున, నోరులేని ప్రాణి విషయమున, రేపో యెల్లుండియో మన యక్కఱకు ప్రాణమునీయబోవు జంతువు విషయమున మనమెట్లు మెలగుదుమో అదియే మన దయకు నిజమైన కొలత. కావున నేనిచ్చట విచారింపబూనిన ప్రశ్న చిన్నదిగా కనబడినను చిన్నది కాదు. గ్రుడ్డునకో మాంసమునకో మనము పెంచుకొను కోడికి మండు వేసవిలో నీడయు నీరును ఇచ్చుట మన దయాగుణమా, లేక మన బాకీయా?

ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. "కోసికొని తినబోవుదానికి ఉపచారములేల?" అని యొకరందురు. "దయ గలవాడు కోళ్లను పెంపనే పెంపడు, పెంచువానికి దయను గూర్చి మాటలాడు నధికారమే లేదు" అని మఱియొకరందురు. మొదటిది మోటుదనము, రెండవది మడి కట్టుకొన్న ఉదాసీనత. రెండును ఒకదానికొకటి విరుద్ధముగా కనబడును గాని, ఫలమున మాత్రము అన్నదమ్ములే. మొదటి వాని పెరటిలోను, రెండవ వాని గోడ ప్రక్కను కోడి యెండలోనే యుండును; మూకుడు ఎండియే యుండును.

విషయమును గాలిలో చర్చింపక నేలమీద నిలిపి చూతము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును చిరకాలము అనంతపురము జిల్లాలోనుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినది గాని ఆకాశము మారలేదు. నైరృతి మేఘములు పడమటి కనుమలయొద్దనే తమ బరువు దింపుకొని తేలికయై వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమున కురిసి అలసి వచ్చును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియుటే యెక్కువ. ఏప్రిల్, మే నెలలలో ఎండ నలువది డిగ్రీలను తాకుచుండును. రెండువేల యడుగుల యెత్తుననున్న హిందూపురమున కొంత ఉపశమనము కలదు. అంతకంటె పల్లముననున్న ధర్మవరమున అదియు లేదు. పెనుకొండ కొండబండలు పగలెల్ల త్రాగిన వేడిని రాత్రి జాముల దాక విడుచుచుండును. పెన్నలోను చిత్రావతిలోను ఆ దినములలో ప్రవహించునది నీరు కాదు, ఇసుక మీది ఎండమావి.

ఇట్టి సీమలో కోడి లేని బీదయిల్లు అరుదు. ధర్మవరపు మగ్గముల వెనుకటి పెరళ్లలోను, వేరుసెనగ చేల నడుమనున్న పల్లెలలోను, హిందూపురపు పేటలలోను నాలుగో, పదో కోళ్లు తిరుగుచునే యుండును. పూర్వము వానికి బోదగడ్డి కొట్టముల చూరు క్రింద చల్లని తావు దొరకెడిది. కొట్టములు పోయి రేకుల యిండ్లు వచ్చినవి. మనుష్యునికి అగ్నిభయము తగ్గినది. కోడికి మాత్రము పగటి నీడయే పొయ్యి యైనది. రేకు క్రింద నిలిచిన కోడికి పైనుండి వేడి, నేలనుండి వేడి. మన యభివృద్ధిలో నోరులేని వారి పాలు ఎంత యని లెక్కవేయుట మనకు అలవాటు లేదు గనుక ఈ మార్పును ఎవరును గమనింపలేదు.

ఇక కోడి దేహమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏలయన, బాధను తెలిసికొననివాడు బాధ్యతను తెలిసికొనలేడు. కోడికి చెమట పట్టదు. దాని దేహమున స్వభావసిద్ధముగానే 41, 42 డిగ్రీల వేడి యుండును. అనగా మనకు ప్రాణాపాయకరమగు జ్వరపు వేడి దానికి ఆరోగ్యము. ఈకల చొక్కాయి విప్పుటకు వీలులేదు. గాలి చల్లగా నున్నంతకాలము జుట్టు నుండియు, గదవ క్రింది తోలు వ్రేలుళ్ల నుండియు, ఈకలు పలుచనైన రెక్కల క్రింది భాగము నుండియు వేడి వెడలిపోవును. గాలి ముప్పది డిగ్రీలకు చేరగానే ఆ దారి యిఱుకగును. అప్పుడది రెక్కలను దేహమునకు ఎడముగా వ్రేలాడవేసి, నోరు తెఱచి రొప్పుటకారంభించును. అది చూచి పిల్లలు నవ్వుదురు. కోడి అలసినదని పెద్దలందురు. నిజమునకు అది ప్రాణముతో బేరమాడుచున్నది. రొప్పునప్పుడు గొంతులోని తడి ఆవిరియై దేహమును చల్లార్చును. కాని రక్తములోని బొగ్గుపులుసు వాయువు కూడ మితిమీఱి వెడలిపోవును. గ్రుడ్డు పెంకునకు వలసిన సున్నము కట్టుటకు ఆ వాయువే యాధారము. కావుననే వేసవి గ్రుడ్లు పలుచని పెంకులతో చేతిలోనే చిట్లును. అమ్మబోవునప్పుడు గ్రుడ్డు పగిలెనని కోడిని తిట్టు గృహస్థుడు ఆ పగులులో తన మూకుడు ఎండిన మధ్యాహ్నమును చదువుకొనవలయును.

అసలు ఈ పక్షి మన పెరటికి ఎట్లు వచ్చినది? దాని పూర్వులు ఎఱ్ఱ అడవికోళ్లు. ఆసియా ఖండపు వెచ్చని దేశములలోని వెదురు పొదలలో, దట్టమైన చెట్ల నీడలో, రాలిన ఆకుల నడుమ గింజలును పురుగులును ఏరుకొని బ్రదికినవి. 2022లో ప్రకటింపబడిన పరిశోధనలను బట్టి, నిస్సందేహముగా పెంపుడు కోళ్లవని చెప్పదగిన ఎముకలలో మిక్కిలి ప్రాచీనమైనవి థాయిలాండు దేశమున బాన్ నాన్ వాట్ అనుచోట దొరకినవి. అవి క్రీస్తుకు పూర్వము 1650కిని 1250కిని నడిమి కాలమువి. వరియు చిఱుధాన్యములును పండించు మనుష్యుల కళ్లములలో రాలిన గింజలే అడవికోడిని ఊరికి రప్పించినవని ఆ పండితుల యూహ. ఈ చరిత్రలో మన ప్రశ్నకు సగము సమాధానమున్నది. అడవికోడి ఎండ కాచిన బయలులో మధ్యాహ్నము నిలువదు. దాని స్వస్థానము నీడ. మనము గింజ చూపి దానిని నీడనుండి బయటికి తెచ్చితిమి. తెచ్చి, దాని రెక్కల బలమును తరతరముల పెంపకమున తగ్గించితిమి. తగ్గించి, చెట్టులేని పెరటిలో విడిచితిమి. తీసికొన్నదానిని తిరిగి ఇచ్చుటకు దానమను పేరు చెల్లదు. అది ఋణము.

కోడి ఈ యొప్పందమునకు సమ్మతించినదా యని యడుగవచ్చును. సమ్మతింపలేదు, సమ్మతించు శక్తి దానికి లేదు. ఇందుచేత మన ఋణము తగ్గదు, హెచ్చును. సమబలులైన యిద్దఱు ఒడంబడిక చేసికొన్నప్పుడు ఎవరి మేలు వారు చూచుకొనవచ్చును. ఒకని నోట మాటలేనప్పుడు రెండవవాడు ఇరువురి మేలును తానే చూడవలసియున్నది. పసిబిడ్డ ఆస్తికి సంరక్షకుడైనవానిని మనము అట్లే నిర్బంధించుచున్నాము గదా! బిడ్డ అడుగలేదు గనుక నేను ఈయలేదని అతడనిన, న్యాయస్థానము నవ్వునా, శిక్షించునా?

ఇప్పుడు మొదటి యాక్షేపణకు వత్తము. చంపబోవుదానికి ఉపచారమేల యందురు. మరణశిక్ష పడిన ఖైదీకి తుది దినము వఱకును అన్నమును నీళ్లును ఈయక మానిన ప్రభుత్వమును ఎవరైనను మెచ్చుకొందురా? చావు రానున్నదను మాట బ్రదుకును విలువలేనిదిగా చేయునేని, మనలో ఎవరి బ్రదుకునకు విలువ? చావు ఒక్క క్షణము. ఎండలో దప్పికతో గడచునవి దినములు, నెలలు. ప్రాణము తీయుట తగునా తగదా యనునది వేఱొక గొప్ప ప్రశ్న. దానిపై ఈ పత్రిక చదువరులలోనే రెండు పక్షములుండును. కాని మాంసాహారియు శాకాహారియు ఏ వాదమును లేక అంగీకరింపదగినది ఒకటి కలదు: చంపుటకు హక్కు కలదనుకొన్నవానికి కూడ హింసించుటకు హక్కు లేదు. ఆంగ్లతత్త్వవేత్త బెంథాము 1789లో ప్రచురించిన గ్రంథమున, జంతువుల విషయమున అడుగవలసినది వానికి బుద్ధి కలదా, వాక్కు కలదా యని కాదు, బాధ కలదా యని మాత్రమే యని నిరూపించెను. నోరు తెఱచి రొప్పుచున్న కోడిని చూచిన పిమ్మట ఆ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో వెదుకనక్కఱలేదు.

జర్మనుతాత్త్వికుడు కాంటు చెప్పిన మార్గము మఱియొకటి. జంతువులను బాధించువాని హృదయము కఠినమై, తుదకు మనుష్యులయెడలను కఠినుడగును గనుక జంతువులయెడ మృదువుగా నుండవలెనని ఆయన యభిప్రాయము. ఇందు నిజము లేకపోలేదు. పిల్లలున్న యింట దీనిని ముఖ్యముగా తలపవలసియున్నది. గంప క్రింద దప్పికతో కూయు కోడిని విని కదలని తల్లిదండ్రులు, బిడ్డలకు నీతిశతకములు వల్లెవేయించినను, నేర్పినది మాత్రము కదలకుండుటయే. అయినను ఈ వాదముతో నాకు పూర్ణముగా తృప్తి లేదు. ఇందు కోడి మన హృదయమునకు సానరాయిగా మాత్రమే లెక్కకు వచ్చుచున్నది. ఎండ తగిలినది కోడికి. దప్పిక కలిగినది కోడికి. బాకీ దానికే యున్నది గాని మన మంచితనమునకు కాదు.

రెండవ యాక్షేపణ ఇంతకంటె బరువైనది. "2015 మే నెల వడగాడ్పులలో ఆంధ్ర తెలంగాణములలో రెండువేలకు పైగా జనులు చచ్చిరి. బిందె నీటికై ఆడువారు కొళాయి కడ కాచియుండు సీమలో కోడికి నీళ్లను గూర్చి వ్యాసములా?" అని సహృదయులే యడుగుదురు. ఈ ప్రశ్నను పరిహాసముతో త్రోసివేయరాదు. లెక్కవేసి చూతము. చల్లని దినములలో కోడి తాను తిను మేతకు రెండింతల బరువు నీరు త్రాగును. ఎండ ముదిరినకొలది అది నాలుగైదింతలగును. పెద్దకోడికి దినమునకు అరలీటరు. పది కోళ్లకు అయిదు లీటర్లు. మనము ముఖము కడుగుకొనుచు కొళాయి విప్పి మఱచిన నీటిలో ఇది ఎన్నవ పాలు? నీటి కఱవు నిజమే. కాని ఆ కఱవును తెచ్చినది కోడి ముక్కు కాదు. వడదెబ్బకు చచ్చిన ఆ నిర్భాగ్యులలో కూలి చేయువారును, ముసలివారును, నీడ లేనివారును మిక్కిలిగా నుండిరి. వారికి నీడనీయనివాడు కోడికి నీళ్లు పోయుటచేత ఈయకపోలేదు. ఎవరికిని ఈయని యలవాటుచేత ఈయలేదు. దయ కుండలోని నీరువలె పోసినకొలది తఱుగునది కాదు; చేదినకొలది ఊరు చెలమవంటిది. పెరటిలో మూకుడు నింపుటకు పోయినవాని కంటికి వాకిట ఎండలో నిలిచిన మూటకూలి కనబడుటకే యవకాశము హెచ్చు.

మూడవవారు వర్తకబుద్ధి గలవారు. "కోడికి నీడనిచ్చిన గ్రుడ్లు హెచ్చును, కావున ఇది ధర్మమను పేరు గల లాభమే" యని వారందురు. చాలవఱకు నిజము. చల్లగా నున్న కోడి మేత తినును, గట్టి పెంకుల గ్రుడ్లు పెట్టును, రోగములకు లొంగదు. లాభమును ధర్మమును ఒకే దారిని నడచునప్పుడు సంతోషింపవలసినదే. ధర్మము చేదుగానే యుండవలెనను నియమము లేదు. కాని రెండు దారులును చీలుచోట మాత్రమే ఎవడు ఏ దారివాడో తెలియును. గ్రుడ్లు మానిన ముసలి పెట్టకు నీరు పోయుటలో లాభమేమి? సంతలో రేపు అమ్మబోవు పుంజును ఈ రాత్రి గాలి యాడు గూటిలో ఉంచుటలో లాభమేమి? కాళ్లు కట్టి తలక్రిందులుగా సైకిలు చేతికఱ్ఱకు వ్రేలాడదీసి ఎండలో సంతకు తీసికొనిపోవుట సులభము; గంపలో నీడగా తీసికొనిపోవుట శ్రమ. ఇచ్చటనే మన పరీక్ష. అనవసరమైన బాధ కలుగునట్లు జంతువులను మోసికొనిపోవుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము. ఆ చట్టము పుట్టి ఆఱు దశాబ్దములు దాటినను మన సంత దారులలో తలక్రిందుల కోళ్లు వ్రేలాడుచునే యున్నవి. చట్టము చేయుటకు శాసనసభ చాలును; చట్టము బ్రదుకుటకు గృహము కావలెను.

ఆచరణము లేని నీతి యెండుమూకుడువంటిదే గనుక, ఈ ఋణమును తీర్చు విధమును కొంత వివరింతును. ఇందు ధనవ్యయము స్వల్పము, కావలసినది శ్రద్ధ.

మొట్టమొదట నీడ. కానుగ, వేప, చింత చెట్లలో ఏదైన నొకటి పెరటిలో నున్నవారు భాగ్యవంతులు. లేనివారు ఈ యేడే నాటవలయును. చెట్టు పెరుగునందాక కఱ్ఱలు పాతి జొన్నచొప్పయో కొబ్బరిమట్టలో కప్పిన పందిరి చాలును. గూడు కట్టువారు దాని పొడవు తూర్పు పడమరలుగా నుండునట్లు కట్టిన, ఉదయపు టెండయు సాయంకాలపు టెండయు లోపల చొఱవు. రేకు పైకప్పుపై గడ్డి పఱచుటయో, తెల్లసున్నము పూయుటయో వేడిని చాల తగ్గించును. పిల్లి, ముంగిసల భయముచేత గూటిని నలుదిక్కుల మూసివేయుట పెద్ద పొరపాటు. ప్రక్కలకు వల తడికలు బిగించిన భయమును పోవును, గాలియు ఆడును. రాత్రి ఒక్క గంప క్రింద పదింటిని క్రుక్కుట పగటి యెండకంటె క్రూరము.

రెండవది నీరు. లోహపు గిన్నెలు ఎండలో కాగిపోవును. మట్టి మూకుళ్లే శ్రేష్ఠము. ఒక్కచోట నుంచిన బలమైన పుంజు బలహీనమైన పెట్టలను దరికి రానీయదు గనుక రెండు మూడు చోట్ల నీడలో నుంచవలెను. ఉదయము పోసితిమని ఊరకుండక, ప్రొద్దెక్కినపుడొకసారి, మధ్యాహ్నము రెండు గంటలకొకసారి పాఱబోసి చల్లని నీరు నింపవలెను. చిన్నపిల్లలున్నయెడల మూకుటిలో గులకరాళ్లు వేసిన అవి పడి మునుగవు. ఎండ మిక్కిలి తీవ్రమైన దినమున చిటికెడు ఉప్పును కొంచెము బెల్లమును కలిపిన నీటిని ఒక మూకుటిలో కొన్ని గంటలు ఉంచవచ్చును. మంచినీరు మాత్రము ప్రక్కనే యుండితీరవలెను. పలుచని మజ్జిగయు మేలే.

మూడవది మేత. తిన్నది అరుగునప్పుడు దేహమున వేడి పుట్టును. కావున మిట్టమధ్యాహ్నమున గింజలు చల్లుట ప్రేమ కాదు. వేకువనే యొకసారి, ప్రొద్దుగ్రుంకు వేళ నొకసారి మేత వేయవలెను. సద్దలు, జొన్నలు, నూకలు ఏవైనను సరియే; మునగాకు, తోటకూర వంటి పచ్చియాకులు తఱచు వేయవలెను. తడిపిన తవుడు పెట్టినయెడల మిగిలినది పులియకముందే తీసివేయవలెను. గ్రుడ్లు పెట్టు పెట్టలకు సాయంకాలము గుల్లపొడి విడిగా నుంచిన పెంకు గట్టిపడును. నీడలో ఒక చిన్న గుంట త్రవ్వి బూడిదయు మెత్తని మన్నును పోసిన, అవి దానిలో పొర్లి పేలను దులుపుకొని చల్లబడును.

నాలుగవది ఊరకుండుట. పగటి వేళ కోళ్లను తఱుముటయు, పట్టుటయు, బిడ్డల యాటకు విడుచుటయు తగదు. పరుగెత్తిన కోడికి పుట్టిన వేడి పోవుటకు దారి యుండదు. టీకాలు వేయించుట వేకువననో చల్లబడిన పిమ్మటనో జరుగవలెను. ముఖ్యముగా వేసవికి ముందే కొక్కెర తెగులునకు టీకా వేయింపవలెను. 1927 ప్రాంతమున కుమావూ కొండలలోని రాణిఖేతులో కనుగొనబడినందున ఆ పేరనే ప్రసిద్ధమైన ఈ రోగము ఒక్క వారములో పెరళ్లకు పెరళ్లనే తుడిచిపెట్టును. ఎండకు నలగిన కోడికి అది మఱింత సులభముగా సోకును. పొదుగుడు పెట్టను మే నెలలో కూర్చుండబెట్టకుండుట మేలు. ఇరువదియొక్క దినములు కదలక కూర్చుండు తల్లికి అది తపస్సు కాదు, దహనము. గ్రుడ్లును ఎండకు ముందే చెడును.

ఇన్ని చేసినను ఒకనాడు ఒక కోడి సొమ్మసిల్లి పడవచ్చును. అప్పుడు దానిని నీడకు తెచ్చి, కాళ్లను చల్లని నీట నుంచి, జుట్టును తోలు వ్రేలుళ్లను తడిపి, మెల్లగా విసరవలెను. మంచునీరు క్రుమ్మరింపరాదు. గొంతులో నీరు పోయుటయు ప్రమాదమే, ఊపిరిగొట్టములోనికి పోవును; ముక్కు కొనపై చుక్క చుక్కగా తడిపిన తానే మ్రింగును.

ఈ పనులన్నియు ఎవరు చేయుదురు? ఇచ్చట మన గృహధర్మపు రెండవ లోపము బయటపడుచున్నది. పెరటి కోళ్ల పెంపకము సాధారణముగా ఆడువారి పని. గ్రుడ్లమ్మగా వచ్చిన డబ్బు చాల యిండ్లలో ఆమె చేతికి ఒకరినడుగక దొరకు కొలది ధనములలో నొకటి. బిడ్డ పలకయు, జ్వరమునకు మందును, పుట్టింటికి పోవు బస్సు టిక్కెట్టును అందునుండియే వచ్చును. ముసలమ్మ తన కోడియు కుంపటియు లేనిది ఊరికి తెల్లవాఱదనుకొన్నదని మనము సామెత చెప్పి నవ్వుదుము. ఆ కోడి యామెకు సర్వస్వము గనుక ఆమెకట్లు తోచినదని మాత్రము ఎవరును తలపరు. పగలెల్ల పొయ్యి వేడిలోను చేని యెండలోను నలగిన యామెయే మధ్యాహ్నము మరల మూకుళ్లు నింపవలెనని నియమించుట నా యుద్దేశము కాదు. కోడి కూరలో పాలు పంచుకొను మగవాడు పందిరి గుంజలు పాతుటలోను, నీళ్లు మోయుటలోను పాలు పంచుకొనవలెను. దయను బోధించి పనిని ఇల్లాలి నెత్తిన వేయు సంస్కరణమును నేను సంస్కరణమనను.

మడిగల యిండ్లవారికి ఒక మనవి. మన యింట కోళ్లు లేవు గనుక ఈ వ్యాసము మనకు కాదని వారు పుట త్రిప్పివేయరాదు. ప్రక్క పేటవారి కోడి గోడ దూకి వచ్చినప్పుడు అది మైలయని కఱ్ఱతో తఱుమువారు అహింసను పరమధర్మమని ఎట్లు పలుకుచున్నారో నాకు బోధపడదు. కోడిని అంటరానిదిగా చూచు కన్నే దానిని పెంచువారినిగూడ అట్లు చూచినదని మన సంఘచరిత్ర తెలియనివారెవరు? గోడకు ఈవల నొక మూకుడు నీరుంచిన, అహింస అభావము నుండి భావమునకు వచ్చును. అనగా చేయకుండుట యను మెట్టు దాటి చేయుట యను మెట్టెక్కును.

కోళ్లను పెంపక గ్రుడ్లను మాత్రము తినువారికిని తప్పించుకొను దారి లేదు. 2022-23లో దేశమందలి గ్రుడ్లలో సుమారు ఐదవవంతు ఆంధ్రదేశముననే పుట్టినవి. అందు పెక్కు, తీగ పంజరములలో రెక్క చాపుటకు చోటులేక బ్రదుకు కోళ్లవి. ఈ పంజరముల విషయమై న్యాయసంఘము 2017లో తన 269వ నివేదికను సమర్పించినది. అంతకు చాల పూర్వమే, 1965లో, ఇంగ్లండున బ్రాంబెలు సంఘము పెంపుడు జంతువునకు లేచుటకు, పండుకొనుటకు, తిరుగుటకు, దేహమును శుభ్రపఱచుకొనుటకు, అవయవములు చాచుటకు చోటుండవలెనని నిర్ణయించెను. పెరటి కోడికి ఈ యయిదును అడుగకయే లభించుచున్నవి. మన బీదల పెరళ్లు ధనికుల కర్మాగారములకు గురుస్థానములు కాదగినవి. వానికి లోపించినది వేసవి నీడయొక్కటే. ఆ లోపమును మనము తీర్చలేకపోయిన, పంజరముల నాక్షేపించు నోరు మనకు చాలదు.

ఇది పరదేశమునుండి తెచ్చిన క్రొత్త నీతి యని ఎవరైన ననిన, గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలను చూపుదును. అశోకుని ధర్మశాసనములు అచ్చట చెక్కబడి రెండువేల రెండువందల యేండ్లు దాటినవి. మనుష్యులకును పశువులకును వేర్వేఱు చికిత్సలు ఏర్పఱచితిననియు, దారుల వెంట చెట్లు నాటించి బావులు త్రవ్వించితిననియు, అవి పశువులకును మనుష్యులకును భోగ్యములనియు ఆ చక్రవర్తి చెప్పుకొన్నాడు. తన వంటశాలలో జంతువధ ఇంకను కొంత మిగిలియున్నదని కూడ దాపఱికము లేక ఒప్పుకొన్నాడు. వధ పూర్ణముగా మానలేదు గనుక నీడయు నీరును ఈయననలేదు. నీడనిచ్చితిని గనుక వధ మానితినని బొంకలేదు. మన రెండు పక్షములవారును ఆ బండయొద్ద నేర్చుకొనవలసినది చాల కలదు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో, రెక్కలు తెగి పడిన జటాయువును రాముడు "లే పక్షీ" యని పిలిచినందున ఊరికి ఆ పేరు వచ్చెనని జనులు చెప్పుకొందురు. శబ్దశాస్త్రము దీనిని ఒప్పినను ఒప్పకున్నను, నేలకూలిన పక్షిని చూచి ఆగి పలుకరించుట గొప్పవాని లక్షణమని ఈ సీమ జనులు తమ యూరి పేరులోనే దాచుకొన్నారు. అట్టి సీమలో పక్షి దప్పికతో కూలుట పేరునకే మచ్చ.

తుదకు తేలినదేమి? మనము ఉపయోగించుకొను ప్రతిప్రాణియు మనకు అప్పిచ్చినదే. కోడి గ్రుడ్డు నిచ్చినది, పిల్లల నిచ్చినది, వేకువను చాటినది, పురుగులనేరి పెరటిని శుభ్రము చేసినది. కడపట మాంసమును నిచ్చును. వడ్డీగా మనల నడుగునది మూడు మాసముల నీడయు, రోజుకు అరలీటరు నీరును. ఇంత స్వల్పమైన బాకీని ఎగవేయువాడు పెద్ద బాకీలు తీర్చునని నమ్ముటెట్లు? చదువరులారా! ఫాల్గునము దాటకమునుపే మీ పెరటిలో పందిరి వేయుడు, మూకుళ్లు కొనుడు, ఒక కానుగ మొక్కకు గుంట త్రవ్వుడు. ఆ చెట్టు పెరిగి నీడ పఱచునాటికి దాని క్రింద కోళ్లును నిలుచును, కూలివాడును నిలుచును, మీ మనుమలును ఆడుకొందురు. నీడకు జాతిభేదము తెలియదు.